అడవి మంటలార్పే చేతులకు పేరేది?

జాతర ముగిసిన తర్వాత మేడారాన్ని ఎవరూ చూడరు. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో లక్షలాది జనం వస్తారు. వారితోపాటు అగ్నిమాపక శకటాలూ వస్తాయి, జనంతోపాటే వెళ్లిపోతాయి. సరిగ్గా అప్పుడే అడవిలో అగ్గికాలం మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు టేకు ఆకు రాలి, నేల ఎండి, నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల లోపలికి శకటం పోలేదు. అక్కడ మంటనార్పేది నీరు కాదు, మనిషి. పచ్చి కొమ్మలతో కొట్టి, మంటకు ముందున్న ఆకును ఊడ్చి, అవసరమైతే ఎదురుమంట పెట్టి ఆర్పుతారు. గాలి ఎటు మళ్లుతుందో తెలిసినవారే ఎదురుమంట పెట్టగలరు. ఆ తెలివి ప్రధానంగా కోయలది.

ఈ ప్రాంతంలో స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఎప్పుడు పుట్టిందని అడిగితే, దళం ఎప్పుడూ ఉన్నదనీ, దానికి ఆ పేరు మాత్రం ఎవరూ పెట్టలేదనీ చెప్పాలి. పేరు పెట్టకపోవడం వెనుక ఒక చట్టం ఉంది.

1878 నాటి భారత అటవీ చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 1927 చట్టం 79వ సెక్షన్‌లోనూ ఒక నిబంధన ఉంది. రక్షిత, రిజర్వు అడవులలో ఏ హక్కునైనా అనుభవించేవారు, ఫలసాయం తెచ్చుకోవడానికో పశువులను మేపుకోవడానికో అనుమతి పొందినవారు, వారి కింద పనిచేసేవారు, మంట సంగతి తెలిసిన తక్షణం దానిని ఆర్పడానికి పూనుకోవాలి. అధికారి పిలిచినా, పిలవకున్నా సరే. పూనుకోకపోతే నెల వరకు జైలు, రెండు వందల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కూలి ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు. తెలంగాణలో అమలులో ఉన్నది 1967 చట్టమే కావచ్చు, అయితే అది పెరిగింది కూడా ఆ వలస చట్టాల నీడలోనే.

తెలంగాణలో వెట్టి అనగానే దొర గడి గుర్తుకొస్తుంది. అడవిలో గడి లేదు, గార్డు ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత నైజాం ప్రభుత్వం కోరికపై గోండుల స్థితిగతులను పరిశీలించిన హైమన్‌డార్ఫ్ రాతల నిండా అటవీ సిబ్బంది పీడన కనబడుతుంది. గడి వెట్టి మీద సాయుధ పోరాటం జరిగింది, పాటలు పుట్టాయి, చరిత్ర పుస్తకాలు వచ్చాయి. అడవి వెట్టి మాత్రం ‘బాధ్యత’ అనే గౌరవప్రదమైన మాట వెనుక దాగి బతికిపోయింది.

రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే అధికారాన్ని రాజ్యానికి ఇస్తూనే, అందులో మతం, జాతి, కులం, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదని రెండవ క్లాజు షరతు పెట్టింది. అటవీ చట్టం కులం పేరెత్తలేదు నిజమే, ‘హక్కు అనుభవించేవాడు’ అన్నది. మేడారం చుట్టూ అడవిలో ఇప్పపువ్వు ఏరుకునేదెవరు? తునికాకు కోసేదెవరు? కలప కాంట్రాక్టరు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాడు గాని, మంట లేచిన మధ్యాహ్నం అతడు హన్మకొండలో ఉంటాడు. అతని కూలీ ఉంటాడు అడవిలో.

స్వచ్ఛంద సేవకు ఇంకొక ముఖం అమెరికాలో కనబడుతుంది. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో కలిసి స్వచ్ఛంద అగ్నిమాపక సంఘాన్ని స్థాపించాడు. అటువంటి సంఘాల సభ్యత్వం ఊరిలో హోదాగా మారింది. 1818లో అదే నగరంలో నల్లజాతివారు తమ సొంత అగ్నిమాపక సంఘం పెట్టుకోబోతే తెల్లవారి సంఘాలు ఏకమై వ్యతిరేకించాయి, ఆ ప్రయత్నం ఆగిపోయింది. గౌరవం ఉన్నచోట కింది మనిషిని మంట దగ్గరకు కూడా రానివ్వలేదు. మన దగ్గర గౌరవం తీసివేసి మంటను అతనికే అప్పగించారు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే కోయ పూజారికి పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు. ఏప్రిల్‌లో అదే గూడెం మనిషి అరికాళ్లు కాలి ఇంటికి వస్తే పలకరించే శాఖ లేదు.

‘అడవికి నిప్పు పెట్టేదే వాళ్లు’ అనే మాట ఉండనే ఉంది. ఇప్పచెట్ల కింద ఆకు కాల్చడం, పోడు కోసం కాల్చడం ఉన్నవే, దాచనక్కరలేదు. తునికి చిగురు బాగా రావాలని కాల్చడమూ ఉంది, దాని లాభం వ్యాపారి గల్లాపెట్టెకూ చేరుతుంది. రోడ్డు పక్కన వండుకుని పొయ్యి ఆర్పకుండా కారెక్కినవారి మాట ఎవరూ ఎత్తరు. 1927 చట్టం 26వ సెక్షన్ ప్రకారం బుద్ధిపూర్వకంగానో తీవ్ర నిర్లక్ష్యం వల్లనో మంట లేస్తే, ఆ అడవిలో మేత, ఫలసాయం హక్కులన్నింటినీ నిలిపివేయవచ్చు. పెట్టినవాడు దొరకకపోయినా శిక్ష గూడేనికి పడుతుంది.

ఇప్పుడు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటను పసిగట్టి సెల్‌ఫోన్లకు సందేశం పంపుతున్నది. సందేశం అధికారికి చేరుతుంది, కొండెక్కేది మాత్రం వేసవి నెలలకు పెట్టుకున్న ఫైర్ వాచరు, అతని వెనుక ఊరివారు. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని కూడా 23వ అధికరణ కింద నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి తేల్చిచెప్పారు. వాచరు కూలినీ, వెంట నడిచినవారికి దక్కే శూన్యాన్నీ ఆ తీర్పు పక్కన పెట్టి చూడాలి.

2006 అటవీ హక్కుల చట్టం సామాజిక అటవీ వనరులను రక్షించుకునే హక్కును 3వ సెక్షన్‌లోనూ, అడవిని కాపాడే అధికారాన్ని 5వ సెక్షన్‌లోనూ గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి తాడ్వాయి మండలంలో గ్రామసభల ఆధ్వర్యంలో అగ్గికాలపు దళాలు ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. దళంలో ఎవరుండాలో గ్రామసభ నిర్ణయించాలి. మంట దగ్గర గడిపిన ప్రతి గంటకూ కనీస వేతనానికి తగ్గని కూలి, కాళ్లకు బూట్లు, గాయానికీ మరణానికీ బీమా ప్రభుత్వం ఇవ్వాలి. హాజరు పుస్తకం అటవీ కార్యాలయంలో కాక గ్రామసభ దగ్గర ఉండాలి. జాతర ఏర్పాట్లకు కోట్ల రూపాయలు మంజూరు చేసే చేతికి ఈ ఖర్చు పెద్దది కాదు.