ఉభయ కుశలోపరి

తెలుగువారి పాత ఉత్తరములు "ఉభయ కుశలోపరి" అను మాటతో మొదలగును. ఉర్దూ ఉత్తరములలో ఆ స్థానమున "యహాఁ ఖైరియత్ హై, ఆప్ కీ ఖైరియత్ మత్లూబ్ హై" అని ఉండెడిది. లిపులు వేరైనను భావము ఒక్కటే: ఇచ్చట మేము క్షేమము, అచ్చట మీరు క్షేమముగా ఉండవలెను. ఈ రెండు పలుకులను చదువగలవారు ఒకే కప్పు క్రింద కూర్చుండు చోటు మన కళాశాల. కనుకనే మన ఇండ్లలోని పాత ఉత్తరములను గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచినాము.

హైదరాబాదు సంస్థానములో ఉర్దూ రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన కూడ ఉర్దూలోనే సాగినది. కచేరీలలో, అదాలతులలో, బడులలో పనిచేసిన మన ప్రాంతపు హిందువులు ఎందరో ఇంట తెలుగు మాట్లాడుచు, కలము పట్టినప్పుడు ఉర్దూ వ్రాసినారు. సంస్థానమునకు స్వంత తపాలా వ్యవస్థ ఉండెడిది. 1869లో మొదటి బిళ్ళలు వెలువడినవి. 1950లో అది భారత తపాలా శాఖలో విలీనమైనది. 1948 తరువాత చదువుల భాష మారినది. రెండు తరములు గడచునప్పటికి తాత వ్రాసిన అక్షరము మనుమనికి అపరిచితమైనది. నేడు హసన్‌పర్తిలోనేమి, హనుమకొండ, కాజీపేటలలోనేమి, ఇల్లు సున్నము వేయునాడు పాత పెట్టె తెరచి, చదువరాని ఆ కాగితములను చిత్తుకాగితముల బేరగానికి తూకమునకు ఇచ్చివేయువారు ఉన్నారు. వారిని నిందింపలేము. చదువలేని కాగితమునకు విలువ కట్టుట ఎవరి తరము?

అట్టి కట్ట ఒకటి మా చేతికి వచ్చినది. అదాలతులో గుమాస్తాగా ఉండిన ఒక హిందూ పెద్దమనిషి తన ముస్లిం మిత్రునకు ఉర్దూలో వ్రాసిన కార్డులవి. పేర్లు చెప్పుట ఉచితము కాదు. వానిలో రాజకీయము లేదు, వేదాంతము లేదు. పిల్లవాని దగ్గు తగ్గినదా అని ఒక కార్డు. మీరు పంపిన చింతపండు ముట్టినది, డబ్బాను రైలులో వచ్చువారి చేత పంపుచున్నాను అని ఒకటి. ఈదునాడు మీ ఇంటికి రాలేకపోతిని, మీ అమ్మగారు అలిగినారని తెలిసినది, నా పక్షమున మీరే సముదాయింపవలెను అని మరియొకటి. ఉర్దూ వాక్యముల నడుమ "తమ్ముడు", "పచ్చిపులుసు" అను తెలుగు మాటలు ఉర్దూ లిపిలోనే ఒదిగి కూర్చున్నవి. చరిత్ర గ్రంథములలో మనము రాజులను, యుద్ధములను, ఒప్పందములను చదువుదుము. అలిగిన తల్లిని సముదాయించుమని కోరిన స్నేహము ఏ గ్రంథములో కనబడును?

ఇట్టి కాగితములకు సాహిత్యగౌరవము ఉండదని ఎవరైన అనుకొన్నచో, వారు మీర్జా గాలిబును స్మరింపవలెను. ఉర్దూ వచనమునకు ఆయన లేఖలే ఒక మలుపు. బరువైన సంబోధనలను ప్రక్కకు నెట్టి, ఎదురుగా కూర్చున్న మిత్రునితో ముచ్చటించినట్లు ఆయన వ్రాసెను. ఆ మిత్రులలో మున్షీ హర్‌గోపాల్ ముఖ్యుడు. ఉత్తర ప్రదేశపు సికందరాబాదుకు చెందిన ఆ హిందూ శిష్యుని గాలిబు ప్రేమతో "మీర్జా తఫ్తా" అని పిలిచెను. 1857 అల్లకల్లోలము తరువాతి ఢిల్లీ గతి మనకు ఇంత దగ్గరగా తెలియుటకు ఆ లేఖలు కూడ కారణము.

మౌలానా ఆజాదు "గుబారె ఖాతిర్" మరియొక నిదర్శనము. 1942 మొదలు అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండి, మిత్రుడగు హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారికి ఆయన లేఖలు వ్రాసెను. ఈ షేర్వానీ గారే ఉస్మానియాకు మొదటి ఉపాధ్యక్షులు. లేఖలు జైలు గోడ దాటు మార్గము లేదు, అయినను వ్రాసెను. తాను కాచుకొను టీని గూర్చి, గదిలో గూడు పెట్టిన పిచ్చుకలను గూర్చి, 1943లో తాను చూడకుండగనే కన్నుమూసిన భార్యను గూర్చి వ్రాసెను. చేరని ఉత్తరమైనను మిత్రుని తలచుకొని వ్రాయుటయే ఆయనకు ఊరట.

ఒక ఆక్షేపణ రావచ్చును. 1948 నాటి గాయములు ఈ నేలపై ఎవరికి తెలియవు, ఈ చింతపండు ఉత్తరములు ఆ చేదును కప్పిపుచ్చుటకా అని. కాదు. గాయములు నిజమే, వానిని చరిత్రకారులు వ్రాయవలెను. కాని అదే కాలమున ఇరుగుపొరుగు పరస్పరము క్షేమము విచారించుకొనుటయు నిజమే. ఒక సాక్షిని పిలిచి, రెండవ సాక్షి నోరు మూయుట న్యాయము కాదు.

మరియొక ఆక్షేపణ ఇంకను బరువైనది: పరుల ఉత్తరములు చదువుట మర్యాదయా? 1858లో తఫ్తా, మున్షీ శివ్ నారాయణ్ గార్లు గాలిబు లేఖలను అచ్చు వేయుదుమనగా ఆయన మొదట ఒప్పుకొనలేదు. పిమ్మట సమ్మతించెను, "ఊదె హిందీ" 1868లో వెలువడినది. మనకు నియమము అక్కడనే దొరకినది. ఇంటివారి అనుమతి లేనిదే ఏ ఉత్తరమును చదువరాదు, ప్రకటింపరాదు. అసలు ప్రతి వారి ఇంటికే తిరిగి చేరవలెను.

విద్యార్థులారా, పని పెద్దది కాదు. మీ ఇంట, మీ వాడలో పాత కట్టలు ఉన్నవేమో అడుగుడు. భీవండి, సూరతు, షోలాపురము మగ్గములకు వలసపోయిన మన నేతపనివారు ఇంటికి వ్రాసిన తెలుగు ఉత్తరములను మరువకుడు. వానిని చదువలేని ఉర్దూ విద్యార్థికి తెలుగు విద్యార్థి చదివి వినిపింపవలెను, ఇతనికి అతడు ఉర్దూ చదివి వినిపింపవలెను. ఫోనుతో ఛాయాచిత్రము తీయుడు, శుభ్రముగా నకలు వ్రాయుడు. ఫస్లీ సంవత్సరము కనబడినచో 590 గాని 591 గాని కలిపిన క్రీస్తుశకము వచ్చును. చిరిగిన కాగితమునకు అంటుటేపు వేయకుడు, లామినేషను చేయింపకుడు. అవి కాగితమును చెరచును.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండే. గ్రంథాలయములో ఈ నకళ్ళకు ఒక అల్మారా ఇప్పింపవలెను. పూర్వపు గుమాస్తాల షికస్తా వ్రాత నేటి ఉర్దూ విద్యార్థికి సైతము కొరుకుడుపడదు. దానిని చదువగల వృద్ధులు ఊరిలో ఉండగనే వారానికి ఒక సాయంకాలము వారిని పిలిపించి పాఠము చెప్పింపవలెను. అల్మారా మరుసటి ఏడైనను కొనవచ్చును. ఆ వృద్ధులు మరుసటి ఏడు వరకు ఉందురని ఎవరు చెప్పగలరు?

2013లో మన దేశమున తంతి ఆగిపోయినది. డెన్మార్కు తపాలా సంస్థ 2025 ముగియుచుండగా ఉత్తరముల బట్వాడాయే మానుకొన్నది. క్రొత్త ఉత్తరములు రాకపోవచ్చును, దానికి విచారించి ఫలము లేదు. వచ్చిన ఉత్తరములను చదువకుండ పారవేయుట మాత్రము మన చేతిలోని దోషము. మన పెద్దలు ఒకరి క్షేమమును ఒకరు రెండు లిపులలో అడిగినారు. ఆ రెండు లిపులు తెలిసిన మనము వారి మాట వినకున్న, వినువారు మరి ఎవరు?