పాఠం కన్నా ముందు పుస్తకం

చోడవరం పిల్లల్ని చెరకు గానుగ గురించో, బెల్లం పాకం గురించో అడగండి, గడగడా చెబుతారు. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ ఉన్నది ఈ మండలంలోనే మరి. అదే పిల్లలు అల్లూరి సీతారామరాజు పాఠాన్ని తప్పు లేకుండా చదివినా, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి ఎందుకు జరిగిందంటే నీళ్లు నమలొచ్చు. పోడు అంటే ఏమిటో, 1882 మద్రాసు అటవీ చట్టం గిరిజనుల నుంచి ఏం లాక్కుందో తెలియకపోతే ఆ దాడి వెనకున్న కోపం అర్థం కాదు. అమెరికాలో రెక్ట్, లెస్లీ 1988లో ప్రచురించిన పరిశోధన తేల్చిందీ ఇదే: బేస్‌బాల్ తెలిసిన, చదవడంలో వెనకబడ్డ పిల్లలు ఆ ఆట కథనాన్ని, ఆట తెలియని మంచి చదువరుల కంటే బాగా గ్రహించారు. కాబట్టి బడి లైబ్రేరియన్ వచ్చే వారం ఏ పాఠమో మాస్టార్ని అడిగి, మన్యం పటం, పోడు మీద రెండు పేజీలు, ఓ జీవిత చరిత్ర ముందే బల్ల మీద పెట్టాలి. లైబ్రేరియన్ పోస్టు లేనిచోట ఆ బాధ్యత చూసే టీచరుకు వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లోనే కేటాయించాలి. కొత్త పుస్తకాలకు నిధులు అడిగే ముందు ఆ పీరియడ్లు అడుగుదాం. వాటికి పైసా ఖర్చు లేదు.