మనం పులియబెడితే కేసు, కంపెనీ పులియబెడితే గ్రీన్ ఎనర్జీ

తండాలో బెల్లం ఊట కుండలో పులిస్తే పోలీసులొచ్చి పగలగొడతారు, కేసు పెడతారు. అదే పని కంపెనీ స్టీల్ ట్యాంకులో చేస్తే రిబ్బన్ కటింగ్. సారాను సమర్థించడానికి ఈ మాట అనట్లేదు. అది మన ఆడబిడ్డల పుస్తెలు కూడా తాగేసింది. నేనడిగేది ఒక్కటే: ఈ కొత్త పులియబెట్టే విద్యలో మన వాటా ఎంత?

ఈస్ట్ బెల్లంలోని చక్కెర తిని ఆల్కహాల్ ఇస్తుంది. చెరకు పిప్పిలో, వరిగడ్డిలో ఉండే జైలోజ్ అనే చక్కెరను మాత్రం మామూలు ఈస్ట్ ముట్టదు. అందుకే సైంటిస్టులు వేరే సూక్ష్మజీవుల జన్యువులు తెచ్చి దానికి పెట్టారు. 1991లో అమెరికా ఇచ్చిన 50,00,000వ పేటెంట్ ఇలా ఇథనాల్ కోసం మార్చిన ఈ.కోలై బ్యాక్టీరియాకే. మన దేశంలోనూ 2022 ఆగస్టులో పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు ప్రారంభించారు. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అని లెక్క చెప్పారు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపే గడువును 2030 నుంచి 2025-26కి ముందుకు జరిపారు.

'వ్యర్థం నుంచి సంపద' అంటున్నారు. ఎవరికి వ్యర్థం? చిత్తూరు బెల్లం గానుగల దగ్గర పొయ్యి మండేది పిప్పితోనే. చెరకాకు మన గుడిసెకు కప్పు. వరిగడ్డి ఆవుకు మేత. రేపు దీనికి రేటొస్తే లారీ పొలం గట్టుదాకా వస్తుంది, డబ్బు పట్టాదారుకు పోతుంది. చెరకు కొట్టిన యానాదికి అదే కూలి. పైగా ఇంటి కప్పుకు ఆకు కూడా కొనుక్కోవాలి.

మన జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. 1/70 గానీ, పెసా గానీ మనల్ని కాపాడవు. ప్లాంటుకు భూమి కావాలంటే ముందు చూపు పడేది మన డీకేటీ పట్టాల మీదే.

టెక్నాలజీ వద్దనడం లేదు. పొగ తగ్గితే మనకూ మంచిదే. కానీ షరతులు మనవీ ఉండాలి. గడ్డికి కట్టే రేటులో కోత కూలీకి వాటా రాసివ్వాలి. డీకేటీ భూమి జోలికి రాకూడదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం సూక్ష్మజీవులు కూడా జీవ వనరులే. కాబట్టి పంచాయతీ జీవవైవిధ్య కమిటీల్లో యానాది, ఎరుకల, సుగాలి యువత కూర్చోవాలి.

ఏర్పేడులోనే ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్‌లో బైపీసీ కష్టమని వదిలేయకండి. ఆ గేటు దగ్గర వాచ్‌మన్‌గా మనవాళ్లు నిలబడింది చాలు. లోపల ఆ ఈస్ట్‌ను మార్చే చేయి కూడా మనదే కావాలి.

జై ఆదివాసీ! జై భీమ్!