తాగింది డ్రైవరు... పరిహారం ఎవరు కడతారు?

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే జాతీయ రహదారి మీద చిలకలూరిపేట పెద్ద మజిలీ. పత్తి లారీలు, టిప్పర్లు, రాత్రిపూట హైదరాబాద్ బస్సులు, వాటి మధ్యలోంచే పల్లెలకు పోయే మోటార్ సైకిళ్లు, కూలీల ఆటోలు. 2024 మే 15 తెల్లవారుజామున, ఎన్నికల్లో ఓటేసి హైదరాబాద్ తిరిగి వెళ్తున్నవారి బస్సు పేట దగ్గర్లోనే టిప్పర్‌ను ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఆరుగురు చనిపోయారు. ఇలాంటి రోడ్డు పక్కన బతికే ఊళ్లకు ప్రమాదం కొత్త కాదు. ప్రమాదం జరిగాక ఏం చెయ్యాలో మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు.

అవతలి డ్రైవరు తాగి ఉన్నాడని తేలితే ఆ అయోమయం రెట్టింపవుతుంది. పెద్దకర్మ కూడా కాకముందే ఎవరో ఒక పెద్దమనిషి గడపలోకి వస్తాడు. ‘తాగి నడిపితే ఇన్సూరెన్స్ రాదమ్మా. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది. ఓనరు రెండు లక్షలు ఇస్తానంటున్నాడు, తీసుకుని సంతకం పెట్టెయ్’ అంటాడు. ఇందులో మొదటి మాట సగం మాత్రమే నిజం. ఆ సగం నిజాన్ని నమ్మి సంతకం పెట్టిన కుటుంబం ఎంత పోగొట్టుకుంటుందో ఊహించడం కూడా కష్టం.

శిక్ష వేరు, పరిహారం వేరు

ఒకే ప్రమాదం మీద రెండు వేర్వేరు కేసులు నడుస్తాయి. మొదటిది క్రిమినల్ కేసు. 2024 జులై 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలోని 304-ఎ ప్రకారం ఇది రెండేళ్లే. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ దీనికి అదనం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జుర్మానా, లేదా రెండూ.

తాగి బండి నడిపితే మనుషులు చస్తారని తెలిసీ నడిపాడని కోర్టు నమ్మితే, అది నిర్లక్ష్యం స్థాయి దాటిపోతుంది. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు. 1999 జనవరిలో ఢిల్లీలో ఓ ఖరీదైన కారు కింద పడి ముగ్గురు పోలీసులు సహా ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఈ రెండు కేసుల్లోనూ 2012లో సుప్రీంకోర్టు, ఇది హత్య కాకపోయినా నేరపూరిత నరహత్యేనని తేల్చింది. పదేళ్ల వరకు శిక్షకు వీలున్న నేరమది. అయినా మొదటి కేసులో పడింది మూడేళ్లు. రెండో కేసులో అప్పటికే అనుభవించిన రెండేళ్ల జైలుతో పాటు 50 లక్షల రూపాయలు కట్టాలని, రెండేళ్లు సమాజ సేవ చేయాలని ఆదేశించారు.

శిక్ష ఎంత పడినా పోయినవారి పిల్లల ఫీజులు కట్టదు. అందుకే రెండో కేసు ముఖ్యం. అది మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో 166వ సెక్షన్ కింద వేసే పిటిషన్. క్రిమినల్ కేసులో తప్పు అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌కు అంత అక్కర్లేదు. ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తే చాలు. డ్రైవరు క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం ఆగిపోదు.

ఇన్సూరెన్స్ కంపెనీ ఏమంటుంది?

2019లో చేసిన సవరణతో బీమా కంపెనీల చేతికి ఓ కొత్త వాదన వచ్చింది. డ్రైవరు తాగి ఉన్నాడు కాబట్టి పాలసీ షరతు ఉల్లంఘించినట్టే, మాకు బాధ్యత లేదు అని అవి వాదించవచ్చు. ఊళ్లో వినిపించే సగం నిజం ఇదే. కానీ తాగాడన్న సంగతి నిరూపించాల్సింది కంపెనీయే. నిరూపించినా కథ అక్కడితో అయిపోదు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నది బండి ఓనరు కోసం కాదు, రోడ్డు మీద ఉన్న అవతలి మనిషి కోసం. షరతు తప్పింది ఓనరు, డ్రైవరు. చనిపోయిన మనిషి ఆ పాలసీ మీద సంతకం పెట్టలేదు, ఆ మందూ తాగలేదు. అందుకే ముందు బాధితులకు కంపెనీ చెల్లించాలి, ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి అనే పద్ధతి కోర్టుల్లో వచ్చింది. లైసెన్స్ లేని డ్రైవర్ల విషయంలో సుప్రీంకోర్టు 2004లోనే ఈ దారి చూపింది. తాగిన డ్రైవరు కేసులో కేరళ హైకోర్టు 2023లో ఇదే మాట చెప్పింది. ఒకవేళ ట్రిబ్యునల్ కంపెనీని తప్పించినా ఓనరు బాధ్యత ఓనరుకు ఉంటుంది. కాబట్టి పిటిషన్‌లో డ్రైవరు, ఓనరు, కంపెనీ ముగ్గురినీ చేర్చాలి.

తాగి నడిపి తానే చనిపోయినవాడి కుటుంబం పరిస్థితి వేరు. సొంత తప్పుతో ప్రాణం పోగొట్టుకున్నవారి కుటుంబానికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వాల్సిన పనిలేదని 2025 జులైలో సుప్రీంకోర్టు ఓ కేసులో స్పష్టం చేసింది. గ్లాసు పట్టుకునే ముందు ఇంట్లోవాళ్ల సంగతి ఒకసారి తలుచుకోవాల్సింది ఇక్కడే.

తప్పు ఇద్దరిదైతే?

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర జరిగింది గుర్తుండే ఉంటుంది. ఓ మోటార్ సైకిల్ డివైడర్‌ను కొట్టుకుని, నడుపుతున్న యువకుడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండి మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఎక్కింది. మంటలు చెలరేగి 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. బైక్ నడిపిన యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

చనిపోయినవాడికి శిక్ష వెయ్యలేరు. పరిహారం మాత్రం అతనితో పోదు. ఇద్దరి నిర్లక్ష్యమూ కలిసి మూడోవారి ప్రాణం తీసినప్పుడు, మొత్తం పరిహారం ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఎవరి వాటా ఎంతన్నది తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. ప్రభుత్వాలు ప్రకటించే ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టుకోవాల్సిన పనీ లేదు. అది ప్రభుత్వం సాయంగా ఇచ్చేది, ట్రిబ్యునల్ ఇచ్చేది హక్కుగా వచ్చేది.

లెక్క ఎలా వేస్తారు?

పేట శివారులో ఓ స్పిన్నింగ్ మిల్లులో నెలకు 15 వేలు సంపాదించే 34 ఏళ్ల మనిషి అనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాది సంపాదన 1,80,000. ముందు ముందు జీతం పెరిగేది కదా, అందుకు 40 శాతం కలిపితే 2,52,000. తన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 16. హెచ్చిస్తే 30,24,000. ఆత్మీయుణ్ని కోల్పోయినందుకు నలుగురికీ తలా 48,400, అంత్యక్రియలకు 18,150, ఆస్తి నష్టం పేర మరో 18,150. అన్నీ కలిపితే 32,53,900 రూపాయలు. దీని మీద వడ్డీ అదనం.

పెద్దమనిషి చెప్పిన రెండు లక్షలు ఎక్కడ, ఈ 32 లక్షలు ఎక్కడ?

పోయింది గృహిణి అయితే ‘ఆమెకు సంపాదన లేదుగా’ అనడానికీ లేదు. ఇంటి చాకిరీకి విలువ కట్టి తీరాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏం దాచుకోవాలి, ఎక్కడికెళ్లాలి?

అరెస్టయిన డ్రైవరుకు రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలని చట్టం చెబుతోంది. రక్త నమూనా తీశారో లేదో స్టేషన్‌లో గట్టిగా అడగాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఛార్జిషీటు నకళ్లు తీసుకోవాలి. జీతం కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ జాగ్రత్త. వయసుకు ఆధార్ కంటే స్కూలు సర్టిఫికెట్టే నమ్మకమైన రుజువని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులే 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి ప్రమాద నివేదిక పంపాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. అయినా కుటుంబం సొంతంగా పిటిషన్ వేసుకోవడమే మంచిది. చట్టంలో గడువు ఆరు నెలలు. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యకూడదు. ప్రమాదం జరిగిన చోటే కేసు వెయ్యాలనీ లేదు. కుటుంబం నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు. హైవే మీద పరాయి జిల్లాలో మనిషిని పోగొట్టుకున్నవారికి ఇది పెద్ద ఊరట.

గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలు వస్తాయి. తప్పెవరిదో నిరూపించే పని లేకుండా 5 లక్షలు తీసుకునే 164వ సెక్షన్ కూడా ఉంది. కానీ అది తీసుకుంటే 166 కింద ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. ఏది ఎంచుకోవాలో లాయరును అడిగే నిర్ణయించుకోవాలి. ఫీజు ఇచ్చుకోలేనివారు దగ్గర్లోని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఇక రాజీ సంగతి. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు చట్టప్రకారం ఇరుపక్షాలూ రాజీ చేసుకోదగ్గది కాదు. పరిహారం విషయంలో రాజీ పడొచ్చు. అయితే అది అరుగు మీద కాదు, లోక్ అదాలత్‌లో జడ్జి ముందు జరగాలి. అక్కడ ఇచ్చే తీర్పుకు అప్పీలు ఉండదు కాబట్టి సొమ్ము త్వరగా చేతికొస్తుంది, ఆ అంకె సరైనదో కాదో ముందే లెక్క చూసుకోవాలి. ఇంటి గడపలో తెల్లకాగితం మీద పెట్టిన సంతకం మాత్రం రేపు ట్రిబ్యునల్‌లో అవతలి లాయరు చేతికి ఆయుధమవుతుంది. పెద్దకర్మ అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం చెయ్యం అని ఆ ఇంట్లో ఒక్కరు గట్టిగా అనగలిగితే, పోయిన మనిషి కష్టార్జితంలో పిల్లలకు దక్కాల్సింది దక్కుతుంది.