రొయ్య పెంకు – పంటి చిగురు

బందరు, నాగాయలంక ప్రాంతముల చెఱువులలో పెరిగిన రొయ్య శుద్ధి కర్మాగారమునకు పోయిన పిదప, దాని బరువులో ఇంచుమించు సగపాలు తలగా, పెంకుగా మిగిలిపోవుచున్నది. ఆ పెంకు కుప్పపడియున్నచో కుళ్లి కంపుకొట్టును. కాలువలో పడినచో నీటిని చెఱచును. అయినను దానిని వ్యర్థమనుట తగదు.

పెంకులో కైటిన్ అను పదార్థము గలదు. 1811 లో బ్రాకొన్నో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని మొదట పుట్టగొడుగులలో కనుగొనెను. పెంకులోని సున్నమును పలుచని ఆమ్లముతోను, మాంసకృత్తులను పలుచని కాస్టిక్ సోడాతోను తొలగించి, మిగిలిన కైటినును గాఢమైన కాస్టిక్ సోడాలో కాచినచో కైటోసాన్ ఏర్పడును. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఈ విషయమున కృషి చేసినది. దాని శాఖ విశాఖపట్టణమున గలదు.

చిగుళ్లు వాచి రక్తము కాఱుటకు మూలము పండ్ల మొదళ్లను పేరుకొను పాచిలోని సూక్ష్మజీవులు. కైటోసానునకు ధన విద్యుదావేశము, ఆ జీవుల పైపొరకు ఋణ విద్యుదావేశము ఉండుటచే, ఇది వానిని అంటుకొని పొరను భగ్నము చేయును. చిగుళ్ల కణములలో వాపు పుట్టించు ద్రవ్యములను తగ్గించుటయు ప్రయోగశాలలలో కానవచ్చినది. కాని మనుష్యులపై జరిగిన పరీక్షలు చాలవఱకు చిన్నవి. ఫలితములు ఒక్క తీరుగా లేవు. దంతవైద్యునిచే గార తీయించుకొనుటకు ఇది తోడే గాని బదులు కాదు. రొయ్య పడనివారు వైద్యు నడుగక వాడరాదు. ఇంట పెంకు నూఱి పండ్లు తోముకొన్నచో చిగుళ్లు గీసికొనిపోవుటే గాని గుణము కలుగదు.

చుట్ట త్రాగు సోదరు లింకొకటి యెఱుగవలయును. పొగ చిగుళ్లనుండి రక్తము కాఱుటను తగ్గించి వ్యాధిని దాచును. రక్తము కనబడలేదని నిశ్చింతగా నుండరాదు.

ఇక సంఘము చేయదగిన దేమి? మందు తయారుచేయుట మన పని కాదు. పెంకును నాటిది నాడే కడిగి, ఆరబెట్టి, మూటగట్టి కైటిన్ చేయువారికి అమ్ముట మన చేతిలోని పని. కుళ్లిన పెంకునకు నాణ్యము లేదు. కర్మాగారముల వారితో ఒప్పందము ఒక్కొక్క రైతుకు సాధ్యము గాదు, సంఘమునకు సాధ్యము. 2025 లో అమెరికా సుంకములు హెచ్చించినప్పుడు రొయ్య ధర పడి మన రైతులు పడిన పాట్లు తెలిసినవే. పెంకుపై వచ్చు రాబడి కొంచెమైనను ఆసరా యగును.

అయితే ఆమ్లము, కాస్టిక్ సోడా వాడు కార్ఖానాను, మురుగునీటిని శుద్ధిచేయు ఏర్పాటు లేకుండ, ఏ కాలువగట్టునను పెట్టనీయరాదు. ఈ కాలువల నీరే మన పొలములకును, అనేక గ్రామముల మంచినీటి చెఱువులకును ఆధారము. చిగుళ్లకు మందు చేయబోయి త్రాగునీటిని చెఱచుకొనుట వివేకము గాదు. సభ్యులు రాబోవు సమావేశమున ఈ విషయమును ఆలోచింతురు గాక.