ఇంట్లో జబ్బు, బడిలో ఖాళీ బెంచీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వస్తే లెక్కలన్నీ రోగులతో మొదలై రోగులతోనే ముగుస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల జనం మంచినీళ్లు అడిగారు, ఆసుపత్రి అడిగారు, పింఛను అడిగారు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నీళ్ల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఆ రోగి పిల్లల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఇప్పుడైనా ఎత్తకపోతే ఒకరి జబ్బు రెండు తరాలను మింగుతుంది.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు. రానూపోనూ ప్రయాణం కలిపితే రోజు గడిచిపోతుంది. తండ్రి మంచాన పడితే తల్లి కూలికి పోక తప్పదు. ఆసుపత్రికి తోడు వెళ్లడం, తమ్ముడికి వండిపెట్టడం పెద్దపిల్ల వంతవుతుంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని ఊరు మెచ్చుకుంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. ఏడవకుండా, ఏదీ అడగకుండా ఇంటి బరువంతా నెత్తిన పెట్టుకున్న పిల్ల నిబ్బరంగా ఉందని అనుకోవద్దు. తన భయం చెప్పుకోవడానికి ఆమెకు మనిషి లేకపోయి ఉండవచ్చు.

పిల్లల దిగులు చాలాసార్లు మాటల్లో బయటపడదు. కడుపునొప్పి, పక్క తడపడం, అకారణ కోపం, తగ్గిపోతున్న మార్కులు, ఇవీ దాని గుర్తులు. "నేను అల్లరి చేసినందుకే నాన్నకు జబ్బొచ్చింది" అని నమ్మే పసివాళ్లుంటారు. పెద్దలు "ఏమీ లేదులే" అంటూ చాటున కళ్లు తుడుచుకుంటే ఆ నమ్మకం ఇంకా ముదురుతుంది. అందుకే జబ్బు పేరు చెప్పండి. అది వాళ్ల వల్ల రాలేదనీ, నాన్నను ముట్టుకుంటే అంటదనీ చెప్పండి. రేపు అన్నం ఎవరు పెడతారో, బడికి ఎవరు దింపుతారో చెప్పండి. తప్పకుండా నయమవుతుందని ఒట్టు మాత్రం వేయకండి.

ఇంకో ముప్పు బంధువుల నోట వస్తుంది: "తండ్రి కళ్లముందే ఆ మూడుముళ్లూ వేయించేద్దాం." 18 నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. ఎంత జాలితో చేసినా అది నేరమే. అలాంటి మాట చెవిన పడితే వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

దారులు లేకపోలేదు. ప్రాణాంతక వ్యాధి బారిన పడిన తల్లిదండ్రుల పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయానికి వీలుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. మనసు కుంగితే టెలీ మానస్ 14416 ఉచితంగా పలుకుతుంది.

క్యాన్సరైనా, పక్షవాతమైనా, ఏ ఊరైనా జాగ్రత్త ఇదే. డయాలసిస్ కేంద్రాలు, క్యాన్సర్ వార్డులు రోగి వివరాలు రాసుకునేటప్పుడే "ఇంట్లో పిల్లలెందరు? బడికి వెళ్తున్నారా?" అని అడిగి, ఆ జవాబును సంరక్షణ విభాగానికి చేర్చాలి. వరుసగా మూడు రోజులు బడికి రాని పిల్ల ఇంటికి టీచరు వెళ్లాలి. వీటికి కొత్త చట్టం, కొత్త భవనం అక్కర్లేదు. జిల్లా కలెక్టర్లు ఈ వారమే ఆదేశాలివ్వాలి. బడి మానేసిన పిల్లను ఏడాది తర్వాత వెనక్కి తేవడం కంటే ఈరోజు మానకుండా ఆపడం తేలిక.