ముందు చెవికి కొలత, తర్వాతే హెడ్‌ఫోన్

ఈ మధ్య ఏ హెడ్‌ఫోన్ ప్రకటన చూసినా ఒకటే మాట - "మీ చెవికి తగ్గట్టు శబ్దం". యాప్‌లో ఓ బటన్ ఉంటుంది. నొక్కితే బీప్ బీప్‌మని నాలుగు శబ్దాలు వినిపించి "మీ ప్రొఫైల్ రెడీ" అంటుంది. మన ఆఫీసుల్లో కూడా దీని మీద చర్చలు జోరుగానే నడుస్తుంటాయి. బేస్ పెరిగిందా, పాట బాగుందా అని. నేననేదేమిటంటే, ఈ సదుపాయం మనకి సోకు, నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో ఉన్న మన పెద్దవాళ్ళకి అవసరం. అది వాళ్ళదాకా చేరాలంటే ముందు కొనాల్సింది హెడ్‌ఫోన్ కాదు, తీయించాల్సింది ఓ కాగితం. దాని పేరు ఆడియోగ్రామ్.

ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తుంటే మనం ఏం చేస్తాం? ముందు ప్రొఫైల్ చేసి, ఎక్కడ టైం పోతోందో చూసి, అప్పుడు కోడ్ మీద చెయ్యి వేస్తాం. కొలవకుండా మార్చేవాణ్ణి చూసి నవ్వుతాం. మరి చెవి విషయంలో మాత్రం కొలత ఎందుకు అక్కర్లేదు? కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టే టైలర్ దగ్గరికి ఎవరైనా వెళ్తారా?

కంపెనీలు ఈ కొలతని రకరకాలుగా చేశాయి. శామ్‌సంగ్ ఫోన్లలో అడాప్ట్ సౌండ్ అని ఒకటుంది. అందులో తేలిక పద్ధతి మీ వయసు అడుగుతుంది - 30 లోపా, 30 నుంచి 60 మధ్యా, 60 పైనా? అంతే, మూడు సైజుల చొక్కాలన్నమాట. ఆస్ట్రేలియాలో పుట్టిన నురా అనే కంపెనీ ఇంకో దారి పట్టింది. మన చెవిలోకి శబ్దం పంపితే లోపలి చెవి తిరిగి సన్నటి శబ్దం చేస్తుంది. దాన్ని మైకుతో పట్టుకుని లెక్కగట్టడం. మనం బటన్ నొక్కే పని కూడా లేదు. ఇక ఆపిల్, 2020లో ఐఓఎస్ 14తో, మన ఆడియోగ్రామ్ ఇస్తే దానికి తగ్గట్టు శబ్దం మార్చే ఏర్పాటు ఐఫోన్లలో పెట్టింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎందుకంటే కొలత మనది, అది వాడుకునేది ఎవరైనా సరే.

అసలు పెద్దవాళ్ళకి ఏమవుతుందో చూద్దాం. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు అన్ని శబ్దాలూ సమానంగా తగ్గవు. పై ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి. మన భాషలో ఆ, ఓ, ఊ లాంటి అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. క, చ, త లాంటి హల్లుల ఆనవాళ్ళు పైన ఉంటాయి. 'స' అయితే మరీ పైన, 4000 హెర్ట్జ్ దాటి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కదా, అందుకని మాట గట్టిగానే చెవిన పడుతుంది. కానీ పాట, పాత, పాక, పాప - ఈ నాలుగూ ఒకేలా వినపడతాయి. 'సన్నం' కాస్తా 'అన్నం' అయిపోతుంది. నంద్యాల వైపు ఏ ఇంట్లో అడిగినా పెద్దాయన చెప్పే మాట ఇదే: "ఇనపడ్తాంది గానీ, ఏం చెప్తాండావో అర్థం కాల్యా."

దానికి మనం చేసేదేంటి? గట్టిగా అరవడం. అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా వినపడతాయి, హల్లులు ఎక్కడివక్కడే. టీవీ సౌండ్ పెంచినా అంతే. ఆయనకి కావలసింది మొత్తం వాల్యూమ్ కాదు, పోయిన చోట మాత్రమే పెంపు. అంటే మనం హెడ్‌ఫోన్‌లో సోకుకి వాడుకునే ఈక్వలైజరే!

వయసు ఒక్కటే కాదు, పని కూడా చెవిని తింటుంది. నంద్యాల నుంచి కడప వెళ్ళే హైవే మీద ఆళ్ళగడ్డ వస్తుంది. అక్కడి రాతి శిల్పాలకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకప్పుడు ఉలి, సుత్తి. ఇప్పుడు వాటికి తోడు కరెంటు గ్రైండర్లు, కటింగ్ మిషన్లు వచ్చాయి. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ రాయి మీద గ్రైండర్ పెట్టినప్పుడు దగ్గరున్నవాడి చెవికి శబ్దం 100 డెసిబెల్స్ దాకా పోవడం మామూలే. అమెరికాలో నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగం. లెక్కేసుకోండి, 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. శిల్పి రోజంతా అక్కడే కూర్చుంటాడు. ఇలాంటి చెవుల ఆడియోగ్రామ్‌లో సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర ఓ గుంట కనపడుతుంది. నలభయ్యేళ్ళ శిల్పికి "30 నుంచి 60 మధ్య" అనే చొక్కా ఏం సరిపోతుంది?

మరి హియరింగ్ ఎయిడ్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ అది పెట్టుకుంటే "చెవుడు" అని పేరు పడుతుందని మనవాళ్ళ భయం. కళ్ళజోడుకి లేని సిగ్గు దీనికెందుకో నాకెప్పుడూ అర్థం కాదు. అదే ఇయర్‌ఫోన్ అయితే మనవడూ పెట్టుకుంటాడు, తాతా పెట్టుకుంటాడు, అడిగేవాడు లేడు. 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 హియరింగ్ ఎయిడ్‌గా పనిచేయడానికి అనుమతిచ్చింది, కొద్దిపాటి నుంచి మధ్యస్థంగా లోపమున్న పెద్దవాళ్ళ కోసం. అది మొదలైనప్పుడు మన దేశంలో లేదు. బెంగళూరులో కొందరు కుర్రాళ్ళు తమ అమ్మమ్మ, నాయనమ్మల కోసం ఏం చేశారంటే, ఐప్యాడ్‌ని బయటి సిగ్నల్స్ తగలకుండా మైక్రోవేవ్ ఓవెన్‌తో, అల్యూమినియం రేకుతో కట్టడి చేసి, చిన్న చిప్పుతో అమెరికాలోని వై-ఫై వివరాలు ప్రసారం చేసి, అది అమెరికాలో ఉన్నట్టు నమ్మించారు! చదివినప్పుడు భలే అనిపించింది. కానీ బామ్మకి మాట వినపడడానికి ఇంత తతంగం కావాల్సి రావడం మాత్రం సిగ్గుచేటు. పైగా ఆ ఎయిర్‌పాడ్స్ 2022లో ఇక్కడ 26,900 రూపాయలకి వచ్చాయి. ఆళ్ళగడ్డలో రాయి చెక్కేవాడికి అది చిన్న మొత్తం కాదు.

అందుకే అంటున్నా, కాగితం ముందు అని. ఆడియాలజిస్టు దగ్గర పరీక్షకి అరగంట పడుతుంది. 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు, ఒక్కో చెవికి విడిగా, ఎంత సన్నటి శబ్దం వినగలరో గ్రాఫ్ గీసిస్తారు. ఎక్కడ చేయించాలంటే, 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి ఈఎన్‌టీ విభాగంలో అడిగి మొదలుపెట్టొచ్చు. గ్రాఫ్ చేతికొచ్చాక ఐఫోన్ ఉంటే అందులో ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ 2019లో తెచ్చిన సౌండ్ యాంప్లిఫయర్ ఉచితం. ఎదురుగా మాట్లాడేవాళ్ళ మాట వినడానికైతే వైరు ఇయర్‌ఫోనే మేలు, బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా వచ్చి విసుగు పుడుతుంది. కంప్యూటర్లో అయితే ఈక్వలైజర్ ఏపీఓ చాలు.

ఇక్కడ మన ఇంజనీరు బుద్ధికి ఓ హెచ్చరిక. 4000 దగ్గర 40 డెసిబెల్స్ పోయింది కదా అని 40 పెంచెయ్యకండి. 1944లోనే లైబార్గర్ అనే ఆయన సుమారు సగం పెంచితే చాలని సూత్రం చెప్పాడు. పాడైన చెవికి సన్నటి శబ్దం వినపడదు గానీ, పెద్ద శబ్దం మామూలు చెవికి ఎంత పెద్దదో దానికీ అంతే. అందుకే అసలైన హియరింగ్ ఎయిడ్ చిన్న శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది. ఈక్వలైజర్‌కి ఆ తెలివి లేదు. కాబట్టి లోపం ఎక్కువైతే ఇయర్‌ఫోన్‌తో కాలక్షేపం చెయ్యకుండా హియరింగ్ ఎయిడ్‌కే వెళ్ళాలి. ఉన్నట్టుండి వినపడకపోయినా, ఒక్క చెవే తగ్గినా యాప్‌లు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

శిల్పుల సంగతికొస్తే, పోయిన వినికిడిని ఏ ప్రొఫైలూ తిరిగి తేలేదు. గ్రైండర్ పక్కన కూర్చునేవాడికి మనం ఇవ్వగలిగిన మొదటి 'పర్సనలైజేషన్' చెవులు మూసే మఫ్‌లు.

ఈసారి పండక్కి ఊరెళ్ళేటప్పుడు నాయనకి కొత్త ఫోన్ కొనుక్కెళ్దామనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. కొనండి, కాదనను. కానీ ఇంటికి చేరిన మర్నాడు ఆయన్ని బండెక్కించుకుని చెవి పరీక్షకి తీసుకెళ్ళండి. పన్లో పనిగా మీ చెవులూ చూపించుకోండి. రోజుకి ఆరు గంటలు కాల్స్‌లో ఉండేది మనమే కదా!